అవ్వ పెట్టించిన దర్వాజ

నా కవిత్వం, నా నాటకాలు అన్నీ ఒక్క దర్వాజలోంచే బయటికొచ్చాయి. ఈ మాట లండన్‌లో ఎంతమందితో చెప్పానో లెక్కలేదు. పెళ్లయ్యాక ఆ ఊరు చేరి, ఇరవయ్యేళ్లుగా అక్కడే ఉంటూ తెలుగులోనే రాస్తున్నాను. ప్రవాసం గురించి మాట్లాడాలంటే నన్నే పిలిచేవాళ్లు. నేనూ వద్దనేదాన్ని కాదు. పొగడ్త ఎవరికి చేదు?

కృష్ణ ఒడ్డున మా ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగినప్పుడు నాకు ఏడేళ్లు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఇంటి టేకు దర్వాజను చౌకట్టుతో సహా ఊడదీయించి, కొల్లాపూర్ దగ్గరి పునరావాస కాలనీకి ఎడ్లబండి మీద తెచ్చింది. కాలనీలో ఇళ్లన్నీ రోడ్డుకు ఎదురుగా ఉంటే, మా ఇంటికి మాత్రం ఆ దర్వాజను వెనకవైపు పెట్టించింది. దాని ముందు వెనకింటివాళ్ల గోడ. చుట్టం వచ్చినా, పాలవాడు వచ్చినా ఇల్లు చుట్టి వెనక్కి రావాల్సిందే. అవ్వ ఏటి వైపు చూసుకోవడానికే అలా పెట్టించిందని నాకు నేనే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అనుకున్నదాన్ని కవిత చేశాను, కవితను నాటకం చేశాను. చివరి రంగంలో ముసలామె దర్వాజ ముందు కూర్చుని ఏటిని తలచుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపుకు లండన్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక మహబూబ్‌నగర్ నాటక బృందమొకటి దాన్ని ఆడతామంది. నేనూ వచ్చాను. నల్లగొండలో మొదటి ఆట దద్దరిల్లింది. రెండోది మా కాలనీలోనే అనుకున్నాం. ఆ ఇంట్లో ఇప్పుడు నాయిన చెల్లెలు, మా మేనత్త ఉంటోంది. అసలు దర్వాజనే తీసుకెళ్లి ఆటలో పెడితే ఎలా ఉంటుందని నాకు ఆశ పుట్టింది. అత్తను అడిగాను.

“ఒక్కపాలి ఊడబీకింది సాలదా కోడలా?” అంది.

వడ్రంగి దగ్గర అలాంటిదే ఇంకోటి చేయించాను.

ఆట రోజు పొద్దున అత్త వాకిట్లోనే రిహార్సల్ పెట్టాం. అత్త చేటలో కందిపప్పు ఏరుతూ చూస్తోంది. చివరి రంగంలో నటి ఏడుపు అందుకోగానే చేట పక్కన పెట్టింది.

“గీమె ఎవలు?”

“అవ్వే అత్తా.”

“మా అమ్మ ఎన్నడేడ్చింది?”

“ఏటి మీద బెంగతోనే కదా దర్వాజ అటు పెట్టించింది?”

“ఏరు గటు లేదు, గిటున్నది,” అని అత్త చెయ్యి కట్టెల కుప్ప వైపు చాపింది.

నాకు రోషం వచ్చింది. నాటకమన్నాక కొంత కల్పన ఉంటుందని గట్టిగానే వాదించాను. తర్వాత మెల్లగా ఇంటి వెనక్కి పోయి నిలబడి చూశాను. దర్వాజ పడమరకు ఉంది. కృష్ణ దక్షిణాన ఉంది. లేని దిక్కున ఏటిని ఇన్నేళ్లు ఎంతమందికి చూపించానో తలచుకుంటే సిగ్గేసింది.

అత్త నా వెనకే వచ్చింది.

“ఊరు ఖాళీ చెయ్యుమని సర్కారోళ్లు జీపుల వచ్చి మన గోడ మీద ఎర్రరంగు నంబరేసి పోయిన్రు. మల్ల గా జీపే గీ రోడ్డు మీదికెళ్లి తిరుగుడు. నా ఇంటి మొకం వాళ్లకు సూపియ్య అన్నది మా అమ్మ. సచ్చేదాంక ఇల్లు సుట్టి తిరిగింది గని, రోడ్డు దిక్కు దర్వాజ పెట్టనియ్యలే. గది కోపం బిడ్డా, ఏడుపు గాదు. ఊరందరి ముంగట ఏడ్చినట్టు సూపిస్తె మా అమ్మ పరువేం గావాలె?”

ఊరి మీద బెంగ నాది. అవ్వ కోపాన్ని పక్కకు నెట్టి నా బెంగను ఆమె మొహానికి పూశాను. సాయంత్రం నాలుగింటికి ఆట. ఆలోపు సరిచేయకపోతే, అవ్వను ఎరిగిన జనం ముందే ఆమెను అవమానించినట్టు. చప్పట్లు తెచ్చిన మూడు పేజీలూ కొట్టేసి, కొత్తవి రాయడానికి కూర్చున్నాను. నటి నోరెళ్లబెట్టింది.

“మేడం, ఏడుపు లేకుంటె జనానికి ఎక్కుతదా?”

“ఎక్కకపోతే తప్పు నాది,” అన్నాను. రాయడం నాకు చేతనవును. ఆ ధీమా అప్పుడు కూడా పోలేదు.

బడి ముందరి ఖాళీ జాగాలో ఆట. తెర లేదు, వేదిక లేదు. ముందు కుర్చీలో ముఖ్య అతిథిగా వచ్చిన ప్రభుత్వ ఆఫీసరు, ఆయన వెనక చాపల మీద కాలనీ జనం. చివరి రంగానికి నటులు దర్వాజను తిప్పి, దాని వీపు జనం వైపు పెట్టారు. అవ్వ వేషం వేసిన నటి అవతల కూర్చుంది. ఎవరికీ కనబడదు. మాట కూడా లేదు.

ఆఫీసరు వెనక్కి తిరిగాడు. “తలుపు తిరగేసి పెట్టారేంటి?”

“సరిగ్గనే ఉన్నది సారూ,” అంది అత్త చాప మీది నుంచి. “మీరు కూసున్నది రోడ్డు దిక్కు.”

అత్త మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, చాప చుట్టి చంకన పెట్టుకుని, దర్వాజ అవతలికి నడిచింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు కాలనీ అంతా లేచింది. మా ఇంటికి ఎలా రావాలో వాళ్లకు తెలుసు. అందరూ అవ్వ ఎదుట కూర్చున్నాక నటి మాట అందుకుంది. ఇవతల కుర్చీలో ఆఫీసరు ఒక్కడే మిగిలాడు. కాసేపు చూసి, ఆయన కూడా లేచి చుట్టూ తిరిగి వచ్చాడు.