అల్లప్పచ్చడికి కాపలా

భవానీపురంలో బసవపున్నయ్య అల్లప్పచ్చడి నూరితే, కృష్ణ అవతలి ఒడ్డున జలుబు చేసినవాడికి ముక్కు వదులుతుంది. నేను టెన్త్ దాకా కూడా వెళ్ళలేదు గానీ, ఈ మాట అబద్ధమని రుజువు చేసినవాడు ఇంకా పుట్టలేదు.

ఆయన పెసరట్ల బండికి పేరు తెచ్చింది ఆ పచ్చడే. అందుకే ఆయనకి లోకమంతా దొంగలే. అల్లం చెక్కు తీయడం నుంచి నూరడం దాకా అంతా గోనెపట్టా చాటునే. అరుగుదల బాగాలేదని ఎవరైనా చెప్పుకుంటే, "అన్నానికి ముందు అల్లమ్ముక్క ఉప్పులో అద్ది నవలండి" అని పంపేసి, "వీణ్ణి ఎవడు పంపాడో" అని, స్నేహితుణ్ణి గనక నా చెవిలో గొణిగేవాడు.

అలాంటాయనకి ఎలీషా తగిలాడు. రోజూ ఒక అట్టు అక్కడే తిని, పచ్చడి మాత్రం రెండు పొట్లాలు కట్టించుకుపోతాడు.

"అట్టు లేకుండా పచ్చడెందుకురా వాడికి? ఏదో హోటల్‌కి మోస్తన్నాడు. స్కూటర్ తియ్యి."

పెనం భార్యకి అప్పజెప్పి, మొహానికి తువ్వాలు చుట్టి నా స్కూటర్ ఎక్కాడు. నా స్కూటర్ గట్టిగా తోలితే ఏలూరు కాలవ పక్కకి తప్పుకుంటుంది. ఆరోజు మాత్రం ఎలీషా వెనకాల పిల్లిలా నడిపాను. గుణదల సందులో అతనొక ఇంట్లోకి వెళ్ళాడు. బసవపున్నయ్య తలుపుకి చెవి ఆనించాడు. రుబ్బే చప్పుడు కోసం చూస్తే ఓకరింపు వినిపించింది.

ఎలీషా తలుపు తీసి, తువ్వాలు చాటున ఉన్నదెవరో గుర్తుపట్టి బిత్తరపోయాడు. లోపల అతని భార్య దీవెన. మూడో నెల, వేవిళ్ళు.

"మంచినీళ్ళు కూడా ఇమడట్లేదు బాబాయ్ గారూ. మీ పచ్చడి నంజుకుంటేనే నాలుగు మెతుకులు నిలుస్తున్నాయి," అన్నాడు ఎలీషా.

"ఏదీ, తిననియ్యి," అని బసవపున్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. దీవెన తింది. నిలిచింది. ఆయన మొహం మెత్తబడబోతుండగా ఆ పిల్ల చెయ్యి కడుక్కుంటూ అడిగింది:

"ఇందులో మామిడల్లం కూడా కలుపుతారు కదండీ? పచ్చిమామిడి వాసనొస్తంది."

గోనెపట్టా వెనక ఇన్నేళ్ళు దాచింది అదే. ఆయన లేచి తలుపు మూశాడు.

"ఎవరు చెప్పారమ్మా?"

"చెప్పేదేంటండీ. పక్కింటోళ్ళు పోపులో ఆవాలు మర్చిపోయినా ఇప్పుడు నా ముక్కుకి తెలిసిపోతంది."

"ఎవరితో అన్నా అన్నావా?"

"ఇంకా లేదండీ. పచ్చడి రోజూ వస్తే అనే పనేముంటది?"

మర్నాటి నుంచి పొట్లం ఆయనే మోశాడు, ఎలీషాని నమ్మక. కాన్పయ్యాక, బాలింతకి అరుగుదలకి మంచిదని శొంఠి కూడా ఆయనే కొట్టి తెచ్చాడు. పాపని ఎత్తుకోమంటే మాత్రం చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"కడుక్కు రానివ్వండి. కడుపులో ఉన్నన్నాళ్ళూ ఇది తిన్నది ఆ పచ్చడే, వాసన పసిగట్టేస్తది."

కడుక్కొచ్చి ఎత్తుకున్నాడు. పాప ఆయన వేలు పట్టి ముక్కు దగ్గరికి లాక్కుంది.

"చూశావా?" అన్నాడు నాతో.