సగం కోసిన కాయిల్

మా ఇంట్లో జీడిపప్పు మాడిన సంగతి ఎప్పుడు వచ్చినా, పొట్టు తీసే ఆవిడ వాన చూస్తూ డ్రయ్యర్ మాట మరిచిపోయిందనే చెబుతారు. చుట్టాలకు అలాగే చెప్పారు, పలాస వ్యాపారికి అలాగే చెప్పారు, ఆఖరికి నా పిల్లలకూ అదే నేర్పారు. నేను ఒప్పుకోను. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పైగా ఆ పప్పు మాడుతుందని లెక్క వేసి మరీ ముందే చెప్పిన మనిషిని.

తొంభైల చివరి మాట. టెక్కలిలో ఫిజిక్సుతో బీయస్సీ చదివి, సోంపేట దగ్గర పల్లెలో మేనత్త కొడుకునే చేసుకున్నాను. అందుకే మొగుణ్ణి బావా అనే చనువూ, అత్తతో వాదించే నోరూ నాకు కొత్తగా రాలేదు. మా తోట జీడిపిక్కల్ని కాల్చి కొట్టించి, పప్పును పెరటి షెడ్డులో ఎండబెట్టి, పొట్టు తీయించి పలాస పంపేవాళ్ళం. పప్పు బాగా ఎండితేనే పైపొర వేళ్ళతో నలిపితే ఊడుతుంది. లేకపోతే గోరు పెట్టి గీకాలి, గుండు పప్పు కాస్తా బద్దలవుతుంది. బద్దకు గుండు ధర ఎవడిస్తాడు?

పొట్టు తీసే ఆవిడ సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చేది. భర్త వేటకు పోలేని స్థితిలో మంచం పట్టాడు. ఈ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

కట్టెల పొగ పడలేక బావ కరెంటు డ్రయ్యర్ కొన్నాడు. దాని రేకు మీద 230 వోల్టులు, 10 ఆంపియర్లు అని రాసి ఉంది. మా వీధిలో ఆ 230ని చూసిందెవరు? పొద్దున్నే కొబ్బరితోటల్లో మోటార్లన్నీ మొదలయ్యేసరికి టీవీ స్టెబిలైజర్ ముల్లు 150 దగ్గర కూలబడేది. పప్పు పచ్చిగానే ఉండిపోయేది, బద్దలు పెరిగేవి. అత్తకు మాత్రం తప్పంతా ఆవిడ గోళ్ళదే.

ఉండబట్టలేక షెడ్డు గోడ మీద బొగ్గుతో లెక్క వేశాను. 230ని 10తో భాగిస్తే కాయిల్ నిరోధం 23 ఓములు. వేడికి కాస్త అటూ ఇటూ అయినా కాయిల్ అదే కాబట్టి నిరోధమూ అదే. మరి 150ని ఆ 23తో భాగిస్తే వచ్చే కరెంటు ఆరున్నర ఆంపియర్లు. ఆ ఆరున్నరను 150తో గుణిస్తే వెయ్యి వాట్లు కూడా లేదు. రావలసింది 2300! వోల్టేజి మూడో వంతు తగ్గితే వేడి సగానికి పైగా పోయింది. ఇందులో గోళ్ళ తప్పేముంది?

బావ గోడవైపు చూసి, తనకు కావలసిన ముక్క మాత్రం ఏరుకున్నాడు. కాయిల్‌ను సరిగ్గా సగానికి కోసి బిగించాడు. ఫ్యూజు ఎగిరిపోకుండా లావుపాటి రాగి తీగ చుట్టాడు.

“కాయిల్ తగ్గిత్తే వేడి పెరుగుతాది. నువ్వే కదేటి రాసినావు?” అన్నాడు.

“పెరుగుతాది. రేపు వోల్టేజి కూడా పెరిగితే ఏటి సేత్తావు బావా?”

“మన ఊరికా? బస్సే టైముకి రాదు, వోల్టేజి ఒత్తాదేటే!”

నవ్వేసి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ బొగ్గు అందుకున్నాను. నిరోధం పదకొండున్నర. 230 వోల్టులు వస్తే ఇరవై ఆంపియర్లు, నాలుగు వేల ఆరు వందల వాట్లు. డ్రయ్యర్ ఓర్చుకునేదానికి రెట్టింపు. వేడి తగ్గించే మీట కూడా లేదు దానికి. అత్తకు చెబితే, గోడంతా మసి చేశానని తిట్టింది.

కొన్నాళ్ళు అంతా బాగానే సాగింది. పప్పు ఎండింది, బద్దలు తగ్గాయి. ఒకరోజు తెల్లవారేసరికి పెద్ద వాన. తోటలు తడిసి ముద్దయ్యాక మోటారు ఎవడు వేస్తాడు? ఊళ్ళో కరెంటంతా మిగిలిపోయి ముల్లు నేరుగా 230కి ఎక్కి కూర్చుంది. ఆవిడ రోజూలాగే ట్రేలు లోపల పెట్టింది, రోజూలాగే వీధి అరుగు మీద కూర్చుని ముందటి వాయి పొట్టు తీసింది. నేను వంటింట్లోంచి మాడువాసన పసిగట్టి పరుగెత్తేసరికి కాయిల్ నిప్పుకణికలా ఉంది. పప్పంతా కాఫీ గింజల రంగు.

“ముక్కు లేదేటే నీకు? వాన సూత్తూ కూకున్నావా?” అంది అత్త.

“లేదమ్మా, ఎప్పుడూ తీసే ఏళకే తీద్దారని కూకున్నాను. ఇయ్యాల అదేటో ఎర్రగా మండిపోనాది.”

అత్త చెయ్యి పట్టుకుని టీవీ దగ్గరికి లాక్కెళ్ళాను. “ముల్లు సూడత్తా. తప్పు ఆవిడది కాదు, కాయిల్‌ది.”

“ముల్లు సూసుకోడానికేటి మనిషిని పెట్టినాను? నీ సదువు నీ దగ్గరుంచుకో!”

రోజూ సరిపోయే సమయం ఆ ఒక్కరోజు చాలా ఎక్కువైందని ఆవిడకెలా తెలియాలి? డ్రయ్యర్ చెప్పిందా? మేం చెప్పామా? నా అరుపులు నావే. బావ కూడా అక్కడే ఉండగా, ఇక పనిలోకి రావద్దు పొమ్మంది అత్త. ఆవిడ తడుస్తూనే వెళ్ళిపోయింది. తరవాత ఆవిడ పల్లెకు వెళ్ళి పిలిచాను. “నువ్వు పిలిత్తే సాలదమ్మా, ఆ మాట పడ్డాక నానెలా వత్తాను?” అంది. పలాసలో పని దొరికే దాకా ఆ ఇల్లు ఎలా గడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే బావ ఎవరితోనూ అనకుండా కొత్త కాయిల్ తెచ్చాడు. నిండు పొడుగుది. రాగి తీగ తీసేసి మామూలు ఫ్యూజు వేశాడు. అంటే నా లెక్క ముక్కముక్కా అర్థమైందన్నమాట. అర్థం కాకపోయి ఉంటే ఇన్నేళ్ళూ ఈ కోపం ఉండేది కాదు. మీ అమ్మ ఆవిణ్ణి వానలోకి పొమ్మంటుంటే పక్కనే నిలబడ్డావు కదా బావా, కాయిల్ కోసింది నేనేనన్న ఒక్క ముక్క నీ నోట ఎందుకు రాలేదు?