కిటికీ అవతలి తేనెపిట్ట

ఆవిడది గుర్తింపు కార్డులకి ఫోటోలు తీసే పని. ముందుగదిలో తెల్లటి తెర, ఒక స్టూలు, రెండు లైట్లు. వెనకగదిలో కాపురం. ఎంతటివాడొచ్చి కూర్చున్నా, "గడ్డం కొంచెం పైకి, కదలకండి" అందంటే కిక్కురుమనకుండా ఉండాల్సిందే. భర్త పోయాక దుకాణాన్ని ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది.

ఆ ఇంటికి తుంటి ఎముక విరిగి ఆడపడుచు వచ్చి చేరింది. ఇద్దరికీ పెళ్ళినాటి నుంచీ ఉప్పూ నిప్పూ. అయినా పెద్దావిడకి వేరే దిక్కు లేదు. కిటికీ పక్కన మంచం వేశారు. అవతల ఎవరిదో ఖాళీ స్థలం, నడుమెత్తు పిచ్చిమొక్కలు, వాటి నిండా నారింజరంగు పూలు.

ఒక పొద్దున పెద్దావిడ కేకేసింది. "ఏమే, ఇలా రా! బొటనవేలంత పిట్ట, నీలంగా మెరుస్తోంది. ఫోటో తియ్యి, నా కళ్ళకి సరిగ్గా ఆనడంలేదు."

ఆడపడుచు తనని నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. గబగబా కెమెరా తెచ్చి నొక్కింది. ఊగుతున్న కొమ్మ తప్ప ఏమీ పడలేదు. మర్నాడు స్థలంలోకే దిగింది. తేనెపిట్ట పువ్వు మీంచి పువ్వు మీదికి దూకుతూ ముప్పుతిప్పలు పెట్టింది. బట్టల నిండా ముళ్ళు.

"దాని వెంటపడకే! గోడవార ఉన్న పూలగుత్తికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. అక్కడ కూర్చో," అని కిటికీలోంచి అరిచింది ఆడపడుచు.

కూర్చుంది. కెమెరా పువ్వుకి గురిపెట్టి, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కదల్లేదు. పిట్ట వచ్చింది. వంకీముక్కు పువ్వులో దూర్చి తాగింది, తలెత్తి ఒక్క కూత కూసింది. అప్పుడు నొక్కింది.

పెద్ద సైజులో అచ్చువేసి చేతికిస్తే, పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"నన్నెప్పుడైనా ఇంత బాగా తీశావా?"

"మీరెప్పుడైనా నవ్వితేగా, వదినా!"

పెద్దావిడ పకపకా నవ్వింది. నవ్వితే తుంటి నొప్పెట్టి, తిట్టింది కూడా.

కొన్నాళ్ళకి స్థలం యజమాని మొక్కలు కొట్టించడానికి మనుషుల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఫోటోలావిడ అడ్డం వెళ్ళింది.

"పిచ్చిమొక్కలమ్మా ఇవి."

"ఈ పూత అయ్యేదాకా ఆగండి బాబూ."

ఈవిడకేదో మతి తేడా చేసిందనుకుని అతను ఆగాడు. పూత అయ్యాక అంతా కొట్టేయించాడు, పిట్టలు రావడం మానేశాయి.

అప్పటికి పెద్దావిడ కర్రపట్టుకుని నడుస్తోంది. ఇప్పుడు సెలవురోజున దుకాణం మూసి, ఇద్దరూ పిట్టల కోసం కాలవగట్టు మీది పొదల దగ్గరికి వెళ్తారు. మడతకుర్చీ మోసేది మాత్రం ఫోటోలావిడే.