చివరి బల్బు దగ్గర మీటరు

మొన్న విస్సన్నపేట నుంచి షేర్ ఆటోలో వస్తుంటే దారిలో ఒక పెళ్ళి పందిరి ముందు లైట్ల ఆర్చీ కనిపించింది. ఒక కొసన పాలలా తెల్లగా ఉన్న వెలుగు రెండో కొసకు వచ్చేసరికి తుప్పు నీళ్ళలా ఎర్రబడి ఉంది. ఆటోలో వాళ్ళు బాగుందనుకున్నారు. నాకు మస్తాన్ గారు గుర్తొచ్చారు.

ఆయనది తిరువూరులో లైటింగ్ షాపు. నాకంటే పదేళ్ళు చిన్న. పత్తి చేలో నడుము పోయాక, యాభై దాటిన నన్ను పనిలో పెట్టుకున్నారు. నాకు అక్షరాలు రావు, అంకెలూ రావు. చెబితే ఉంచుకోరని దాచాను. రంగులు చూసి వైర్లు కలుపుతూ నెట్టుకొచ్చాను.

గంపలగూడెంలో ఒక రిసెప్షన్‌కి పిక్సెల్ బల్బుల దండలతో, రంగులు మార్చుకునే చిన్న బల్బులవి, ఆర్చీ కట్టాం. మధ్యాహ్నం వేసి చూస్తే చివరి బల్బులన్నీ ఎర్రగా వెలిగాయి. మస్తాన్ గారు కరెంటు బాక్సు దగ్గర, నేను అటు చివర నిచ్చెన మీద.

"మీటరు పెట్టు బాబాయ్. ఎంతుంది?"

బాక్సులో అయిదు ఓల్టులు ఉండాలని విని ఉన్నాను. "అయిదండీ" అన్నాను.

ఆ మాట నమ్మి, బల్బులే పోయాయనుకున్నారాయన. రెండు దండలు విప్పి కొత్తవి అతికారు. మూడు గంటలు పోయాయి. అయినా ఎరుపే. పెళ్ళికూతురి మేనమామ వచ్చి నిలబడ్డాడు.

"తెల్ల లైట్లన్నారు, కుంకం చల్లారేంటి మస్తానూ? జనం ఆరింటికొస్తారు. చేతకాకపోతే చెప్పు, ఈ ఊళ్ళో నీకిదే ఆఖరి పని."

మస్తాన్ గారు నిచ్చెనెక్కి, మీటరు తనే చూశారు. మూడున్నర కూడా లేదు. నా వైపు ఒక్కసారి చూశారు. అందరిముందూ ఏమీ అనలేదు. చివర ఇంకో బాక్సు పెట్టి, మధ్యలో ఎర్ర వైరు కోసి, ఆ సగానికి అక్కణ్ణుంచే కరెంటిచ్చారు. నల్ల వైరు మాత్రం రెండు బాక్సులకీ ఉమ్మడి కాబట్టి తెంపలేదు. ఆరు కాకముందే ఆర్చీ అంతా తెల్లబడింది.

వ్యాను పక్కన టీ తాగుతూ అడిగారు.

"అంకెలు రావా?"

"రావండి."

"మరి అయిదెందుకన్నావ్?"

నేను గ్లాసు కింద పెట్టాను. ఆయనే అందుకున్నారు.

"సాగర్ కాలవ చివరి చేలో చేశావుగా. తూము దగ్గర నిండుగానే పారుద్ది. నీ దాకా వచ్చేసరికి బురదే. అప్పుడేం చేస్తారు, చివర బోరేసుకుంటారు. ఇదీ అంతే. కానీ చివరోడే 'నా చేను తడిసింది' అంటే ఎవడు బోరేస్తాడు బాబాయ్?"

నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు షాపులో పలక పట్టించారు. అంకెలయ్యాక అక్షరాలు. ముద్దుగా ఏమీ నేర్పలేదు. తప్పు రాస్తే "మళ్ళీ" అనేవారు, అంతే. నా వయసుకు అది తిట్టుకంటే బరువుగా ఉండేది.

ఆయన పోయి రెండేళ్ళయింది. నేనింకా నిచ్చెనెక్కుతున్నాను, మోకాళ్ళు వద్దంటున్నా. మీటరు పెట్టినప్పుడు కింద ఎవరూ లేకపోయినా అంకె పైకి చదువుతాను. ఒళ్ళు అలసిన రోజున, అయిదే ఉంటుందిలే, దిగిపోదాం అనిపిస్తుంది. కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి చూస్తాను.