తండా వాళ్లు పాడని చరణం

మా ఇంట్లో పాటలకు పుస్తకం లేదు. మా ఆయన కడతాడు, నేను యాది పెట్టుకుంటాను. పెళ్లయిన కొత్తలో ఒకనాడు ఆయన పొలం గట్టు మీద కూర్చుని పాట కట్టి, పొద్దూకేసరికి మరిచిపోయి, "ఏమే, పొద్దున నేనేం పాడిన?" అని నన్నే అడిగాడు. నాటు వేస్తూ విన్నది విన్నట్టు పాడి వినిపించాను. అప్పటి నుంచి మా కాపురం ఇట్లాగే నడిచింది. ఆయన మూడో తరగతి, నేను ఐదు. "ఇద్దరం గలిస్తే ఎనిమిది సదివినం" అని సభల్లో నవ్వించేవాడు.

నలభై ఏళ్లకు పైగా ఆయన ముందు పాడితే నేను వెనక వంత పాడాను. మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీలు బస్తా ఎత్తి ఆయన పాటకే అడుగు వేసేవాళ్లు. కోదాడ దాకా లారీలలో ఆయన క్యాసెట్ మోగేది. తుంగతుర్తి దిక్కు ఒక ఊళ్లో సారా మీద పాడి వచ్చిన మర్నాడు, అక్కడి ఆడవాళ్లు కుండలు పగలగొట్టారని కబురొచ్చింది. ఆ రోజు మా ఆయన అన్నం తినలేదు. సంతోషమొచ్చినా ఆయనకు ఆకలి కాదు.

సభలు తగ్గాక దినం పాటలు మిగిలాయి. మా దిక్కున మనిషి పోతే, దినం నాడు ఆ మనిషి మీద పాట కట్టించి పాడించుకుంటారు. ఇంటివాళ్లు ముందుగా వచ్చి మా వాకిట్లో కూర్చుంటారు. ఏం ఇష్టంగా తినేవాడు, కోపమొస్తే ఏమని తిట్టేవాడు, ఎవరితో మాట్లాడటం మానేశాడు, అన్నీ నేనే అడిగి తెలుసుకుంటాను. నేను చెప్పిన దాన్నే ఆయన పాట చేస్తాడు. ఇన్నేళ్లలో నా మాట మీద ఆయన ఒక్కసారి కూడా అనుమానపడలేదు. ఇప్పుడు రాయబోయే కష్టమంతా ఆ నమ్మకం లోంచే వచ్చింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, సూర్యాపేటలో మా ఇంటికి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లు దాటి ఉంటాయి. కోదాడలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్నానంది. నీళ్లిస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది. మేమిద్దరం చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నాం.

"మా నాయిన పోయాడు పెద్దమ్మా. ఎల్లుండి దినం. పాట కావాలి."

"కడతడు తియ్యి బిడ్డా. మీ నాయిన ఏం జేసేటోడు?"

"కాలువ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం."

ఆయన మొదట ఏ ఊరి కాలువ మీద చేశాడో కూడా చెప్పింది. మా ఆయన చేతిలో గింజ చేతిలోనే ఆగిపోయింది.

ఆ లస్కరు మాకు తెలుసు. ముప్పై ఏళ్ల కింద మేమింకా మిర్యాలగూడ దగ్గరి మా పాత ఊళ్లో ఉండేవాళ్లం. సాగర్ పిల్లకాలువకు చిట్టచివరి పొలాలు మావి. పై ఊళ్లకు పంట మీద పంట, మాకు పగుళ్లిచ్చిన మళ్లు. ఆ ఏడు నారు కళ్ల ముందే ఎర్రబడుతుంటే మా ఆయన పాట కట్టాడు. ఐదు చరణాలు. నాలుగింటిలో ఎండిన మడి ఉంది, ఎదురుచూపు ఉంది, ఆఫీసుల చుట్టూ తిరిగి అరిగిన చెప్పులున్నాయి. ఐదో చరణంలో ఆ లస్కరు ఉన్నాడు. పై ఊరివాళ్లకు నీళ్లమ్ముకుని మా షట్టర్ దించేశాడని. ఆ చరణం నేనిక్కడ రాయను. ఎందుకో చివర మీకే తెలుస్తుంది.

దానికి సాక్షిని నేనే. తెల్లవారుజామున గడ్డికని కాలువ కట్ట మీద పోతుంటే, లస్కరు చక్రం తిప్పి మా షట్టర్ దించుతున్నాడు. నెత్తికి ఆకుపచ్చ తువ్వాల. రెండు కాళ్లకూ మోకాలి దాకా బురద. పక్కన సైకిల్ పట్టుకుని పై ఊరివాళ్లిద్దరు. ఇంటికొచ్చి చెప్పాను, నీళ్లమ్ముకుంటున్నాడని.

"కండ్లార సూసినవా?" అన్నాడు మా ఆయన.

"సూసిన."

అంతే, చరణమైపోయింది.

ఆ పాట మమ్మల్ని ఊళ్లూళ్లు తిప్పింది. ఆఫీసర్లు జీపుల్లో వచ్చి కాలువ చూశారు. మా చివరి మళ్లకు నీళ్లొచ్చాయి. మా మొదటి క్యాసెట్‌లో మొదటి పాట అదే. నాట్లలో ఆడవాళ్లు పాడుకున్నారు. పిల్లలకు మాత్రం ఐదో చరణమే ముద్దయింది, లస్కరు సైకిల్ వెనక పడి అదే పాడేవాళ్లు. ఆయన సైకిలు ఆపలేదు, మా గడపకొచ్చి ఒక్క మాటా అడగలేదు. మాడుగులపల్లి దిక్కు డ్యూటీ మార్పించుకున్నాడని విన్నాం. పాట ఆయన కంటే ముందే అక్కడికి చేరి ఉంది.

"బళ్లో నన్ను నీళ్లమ్మినోడి బిడ్డ అనేవాళ్లు," అంది మా ఇంటికొచ్చిన ఆ అమ్మాయి. "అసలు పేరు పెట్టి పిలిచింది మా టీచరొక్కతే. అప్పుడు ఏమైందో మా నాయిన ఏనాడూ చెప్పలేదు. మొన్న ఆయన పోయాడని తెలిసి ఆ కాలువ పక్క లంబాడీ తండా వాళ్లొచ్చారు. వాళ్లు చెప్పారు."

నేను చూసిన తెల్లవారుజాముకు ముందు రాత్రి, చాలా రోజుల తర్వాత కాలువలో నీళ్లు ఒక్కసారిగా వదిలారట. పాత కట్ట తట్టుకోలేక తండాకు ఎగువన ఊట మొదలైంది. గుడిసెలన్నీ కట్ట కిందే. అది చూసిన పై ఊరి మనుషులిద్దరు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి లస్కరును లేపారు. ముందు తండా వాళ్లతో కలిసి బస్తాలు వేశాడు, ఊట ఆగలేదు. ఆఫీసర్ల మాట లేకుండా షట్టర్ ముట్టుకుంటే ఆయన నౌకరీ పోతుంది. అయినా తెల్లవారుజామున దించాడు. అప్పుడు కట్ట ఆగింది. నౌకరీ భయంతో ఎవరికీ చెప్పొద్దని వాళ్ల చేత ఒట్టు వేయించుకున్నాడు.

మా ఆయన చేతిలోని గింజ కింద పడేశాడు. "గా పాటతోనే నీళ్లొచ్చినయ్ బిడ్డా."

"కాదనట్లేదు పెద్దనాయినా. నాలుగు చరణాలతో వచ్చేవి కాదా?"

మా ఆయన చింతపండు పక్కకు జరిపాడు. "మీ నాయినకు మంచి పాట కడత. కొత్త బాణీల," అన్నాడు.

"కొత్తది వద్దు. కొత్తది మా వాకిట్లోనే ఆగుద్ది. ఆ పాటే కావాలి, ఐదో చరణం మార్చి. అది పోయిన చోట్లకు ఇంకో పాట పోలేదు."

ఆమె లేచి వెళ్లింది. గ్లాసులో నీళ్లు అట్లాగే ఉన్నాయి.

ఆ పూట మేమిద్దరం కొట్లాడుకున్నాం. "సూసిన అన్నవ్ గదనే," అన్నాడు.

"సూసిన. సూడంది గూడ కలిపి చెప్పిన."

"ఇప్పుడు గిది తప్పంటే మిగిలిన పాటలెవడు నమ్ముతడు? నలభై ఏండ్లు గంగల గలిసినట్టే. ఆ పిల్ల దుఃఖం మీద ఉంది, తండోళ్లేదో చెప్పిండ్రు. నిజమని ఏమున్నది?"

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి తండాకు పోయాను. నాతో నాట్లేసిన ముసలామె ఒకతి అక్కడ ఉంది. మంచం మీద కూర్చుని తమలపాకు దంచుకుంటోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"ఏందే, వంతలదానా, ముసలిదానివైనవ్!"

"నువ్వు పడుసుదానివే ఉన్నవా?" అన్నాను. వచ్చిన పని చెప్పాను. ఆమె నవ్వు పోయింది. రోలు పక్కన పెట్టి పాట ఎత్తుకుంది. నాలుగు చరణాలు, ఒక్క మాట తప్పలేదు. నాలుగోది కాగానే పెదవులు మూసేసింది.

అప్పుడు నాకు యాదికొచ్చింది. ఆ తండాలో ఎప్పుడు పాడినా ఐదో చరణం దగ్గర వంత ఆగిపోయేది. ఇంట్లో వాళ్ల భాష వేరు కదా, తెలుగు పాట, నోరు తిరగక ఆపారనుకున్నాను. ముందు నాలుగు చరణాలకు తిరిగిన నోరు ఐదోదానికే ఎందుకు తిరగదని ఒక్కనాడూ అడగలేదు.

"మాకు తెలుగు రాదనుకున్నవా?" అంది ముసలామె. "నీకన్న మంచిగ పాడ్త. అది మా పాట గాదు. ఆయన నడుములిరిగెదాంక బస్తాలు మోసి, మా ఇంట్ల రొట్టె తిని పోయిండు. చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు, చెప్పలే. పాడమని మాత్రం ఎవలు ఒట్టేయించుకోలే గదా!"

తిరుగు బస్సులో నా కళ్ల ముందు ఆ బురదే ఉంది. మోకాలి దాకా బురద. చూశాను, ముప్పై ఏళ్లు యాది పెట్టుకున్నాను. షట్టర్ తిప్పే మనిషికి అంత బురద ఎక్కడిదని మాత్రం అనుకోలేదు.

ఇంటికొచ్చి తండాలో విన్నది, బురద సంగతి చెప్పాను. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఆ బాణీయే కూనిరాగం తీశాడు. పొద్దూకే వేళకు, "ఇను," అని చరణం చెప్పాడు. నేను పట్టుకున్నాను.

కోదాడలో దినం. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, ఫొటోకు దండ. చుట్టాలలో సగం మంది మా పాట విని పెరిగినవాళ్లే. ఏ బాణీయో తెలియగానే ముఖాలు చూసుకున్నారు. అయినా మొదటి చరణం నుంచే జనం అందుకున్నారు, ఆ పాటకు ఆ గుణముంది. నాలుగు చరణాలు వాకిలంతా పాడింది. ఐదోది మా ఆయన కొత్త మాటతో ఎత్తుకున్నాడు.

జనం పాతది పాడారు. కావాలని కాదు. బాణీ వచ్చింది, నోళ్లు వాటంతటవే కదిలాయి. పోయిన మనిషి ఫొటో ముందు, ఆయన వాకిట్లోనే. సగంలో తెలిసి గొంతులు ఒక్కొక్కటిగా ఆగాయి. ఆగిన వాటిలో నాది కూడా ఉంది.

ఆ అమ్మాయి తల దించుకుని చీర అంచు చుట్టుకుంటూ కూర్చుంది. మా ఆయన పాట ఆపి, "మీరు పాడిన గా పాత చరణం నేను గట్టిందే. అబద్ధం," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "ఆయనకు చెప్పింది నేను. సూడంది సూసినట్టు చెప్పిన," అన్నాను.

"ఆపమంటవా బిడ్డా?" అన్నాడు మా ఆయన.

"మళ్లీ పాడు పెద్దనాయినా. వాళ్లకు రాకపోతే ఇంకోసారి పాడు."

మళ్లీ ఎత్తుకున్నాడు. జనం భయపడి నోరు మూసుకున్నారు. అప్పుడు వెనక నుంచి వంత వచ్చింది. తండా ఆడవాళ్లు. ఆటోలో వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. మా ఆయన ఒకసారి అన్న మాటను తడబాటు లేకుండా అందుకున్నారు. వాళ్ల నోళ్లలో పాతది ఎన్నడూ లేదు, తీసేయాల్సిన పని లేదు. మూడోసారికి వాకిట్లో కొందరు వాళ్లతో గొంతు కలిపారు. మూలన ఒకటి రెండు గొంతులు అప్పటికీ పాతదాని మీదికే జారాయి.

వచ్చేటప్పుడు ఆ అమ్మాయి నాకు నీళ్లిచ్చింది. "మీకు ఏదీ మరుపు రాదంట కదా పెద్దమ్మా," అంది. "ఆ పాతది మరిచిపోతారా?"

మరిచిపోతానని చెప్పాను. అది నిజం కాదు. ఫోన్లలో ఇంకా పాత క్యాసెట్ పాటే తిరుగుతోంది, నా తలలో కూడా అదే ముందు వస్తుంది. దాన్ని పక్కకు నెట్టి రెండోదాన్ని పిలుచుకోవాలి, ప్రతిసారీ. అందుకే పాతది ఇక్కడ రాయలేదు. చదివితే మీకూ నోటికొస్తుంది. ఈ పాట మీకెక్కడైనా వినపడితే, ఐదో చరణం దగ్గర ఇది పాడండి:

గండి పడే యాళ్ల కట్టకడ్డము నిలిచె లస్కరన్నా
మోకాలి బురదల్ల తండ పాణము గాచె లస్కరన్నా