వసుమతి తిరగరాసిన గైడ్‌బుక్

ఇరవై రెండేళ్ళుగా వసుమతి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆఫీసులో ఆమె సరే అంటే తప్ప ఏ ప్రోగ్రామూ గడప దాటదు. డబ్లిన్‌లోని ఇంట్లోనూ అదే పద్ధతి. భర్త ఫణి కొత్త మిక్సీ కొన్నా, ముందు ఆమెకు చూపించాకే పెట్టె విప్పుతాడు. ఆమె మాట మీద గౌరవం లేనిది ఒక్క కూతురు అవనికే. పన్నెండో ఏట చేతికి ఫోను వచ్చింది మొదలు, తల్లి ఏం చెప్పినా "వన్ సెకండ్, చెక్ చేస్తా" అంటుంది. గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు పోయాలో చెప్పినా చెక్ చేస్తుంది. పదకొండేళ్ళుగా వసుమతికి ఇది పంటి కింద రాయి.

సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ అవనే ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, టాహో లేక్ చుట్టూ పెద్ద ట్రెయిల్ ఉంది. వన్ సెవెంటీ మైల్స్, టూ వీక్స్ నడవాలి. నాతో వస్తావా?" అని అడిగింది. వసుమతి ఎగిరి గంతేసింది. ఆ వెంటనే షరతు కూడా పెట్టింది. గైడ్‌బుక్ చూసి దారి చెప్పేది తను. అవని ఫోన్ బయటికి తీయకూడదు.

"డీల్. బట్ ఒక్క రాంగ్ టర్న్, అంతే. తర్వాత నా ఫోనే," అంది అవని.

రెండు వారాలపాటు కూతురు తన మాట నమ్మి నడవాలి. వసుమతికి కావలసింది అది. కొండలూ సరస్సూ దాని తర్వాతే.

ముందుగా మూడు గైడ్‌బుక్కులు తెప్పించింది. మొదటిది పెళ్ళి ఆల్బమ్‌లా అంతా ఫొటోలే. రెండోదాని రచయితకు ఎక్కడా కాలు నొప్పెట్టలేదు, ఎక్కడా దారి తప్పలేదు. "ఈయన కారులో తిరిగి రాసుంటాడు," అని దాన్ని పక్కన పడేసింది. మూడో ఆయన నలభయ్యో పేజీలో, "ఇక్కడ నేను రెండుసార్లు తప్పిపోయాను, మీరూ తప్పిపోతారు," అని రాశాడు. వసుమతికి ప్రాణం లేచొచ్చింది. ఆ పుస్తకమే ఖాయం చేసింది.

తీరా చదవబోతే ఒక తిరకాసు బయటపడింది. ఆయన సరస్సును ఎడమచేతి వైపు ఉంచుకుని నడిచాడు.

"ఇది అప్రదక్షిణం కదే! మనం ఇటు నుంచి నడవకూడదు," అంది వీడియో కాల్‌లో.

"అది లేక్ అమ్మా, టెంపుల్ కాదు."

"అన్ని నీళ్ళున్న చోట దేవుడు లేడని నువ్వెలా చెప్తావే? చుట్టూ తిరిగేది ఏదైనా కుడివైపే ఉండాలి."

అవని ఎప్పటిలాగే చెక్ చేసింది. దాని ఖర్మ కాలి ఫోను కూడా తల్లి పక్షమే మాట్లాడింది.

ఇంకో తిరకాసు పుస్తకం బరువు. ట్రెకింగ్ సామాన్ల కొట్లో అమ్మాయి, "అంతా మోయడం ఎందుకు? కత్తితో కోసేసి కావలసిన పేజీలు పట్టుకెళ్ళండి, అందరూ అదే చేస్తారు," అని సలహా ఇచ్చింది. పుస్తకానికి పొరపాటున కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే మనిషి వసుమతి. ఆ పిల్ల వైపు కసాయివాణ్ణి చూసినట్టు చూసి, పుస్తకాన్ని గుండెకు హత్తుకుని బయటపడింది.

రెండు సమస్యలకూ కలిపి ఒకటే మందు కనిపెట్టింది. సన్నటి నోట్‌బుక్ కొని, గైడ్‌బుక్‌ను చివరి పేజీ నుంచి మొదటి పేజీకి తెలుగులో తిరగరాసింది. ఎడమను కుడి చేసింది, ఎక్కుడును దిగుడు చేసింది. మూడు వారాలు పట్టింది. వెనకనుంచి రాస్తుంటే పుస్తకం తీరే మారిపోయింది. ముందు "అమ్మయ్య, గండం గడిచింది" అని వస్తుంది, గండం ఆ తర్వాత వస్తుంది. ఒక ఊట దగ్గర రచయిత, "ఎట్టకేలకు నీళ్ళు! తనివితీరా తాగండి," అని కేకలు పెట్టాడు. ఇంత సంబరం ఎందుకబ్బా అని వసుమతి ముందు పేజీలు చూస్తే, అంతకు ముందు పదమూడు మైళ్ళు ఆయనకు చుక్క నీరు దొరకలేదు.

ట్రెయిల్‌లో మూడో రోజు ఆ ఊట వచ్చింది. అవని ఎంత సణిగినా వినకుండా సీసాలన్నీ నింపించింది. సాయంత్రం దాకా ఎక్కడా చెమ్మ కూడా తగల్లేదు. "నాట్ బ్యాడ్ అమ్మా," అంది అవని చివరి సీసా ఎత్తి తాగుతూ. ఆ మాటతో వసుమతి కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం బాట రెండుగా చీలింది. నోట్‌బుక్‌లో కుడి అని ఉంది. ఇన్నాళ్ళుగా ప్రతిదీ తిప్పి ఆలోచించిన బుర్ర దాన్ని ఇంకోసారి తిప్పేసింది. "ఎడమ," అంది వసుమతి తీర్పు చెప్పినట్టు. గంటన్నర సేపు దిగారు. సరస్సు కనపడటం మానేసింది. చివరికి నోట్‌బుక్‌లో ఎక్కడా లేని ఒక మడుగు ఎదురైంది, దాని మీద దోమలు ముసురుకుంటున్నాయి.

వసుమతి నోట్‌బుక్ తెరిచింది. తన చేతిరాతే, గుండ్రంగా, 'కుడి' అని. అవనికి తెలుగు చదవడం రాదు. పుస్తకమే తప్పు అంటే సరిపోతుంది, కనిపెట్టే నాథుడు లేడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అవని బ్యాగు పట్టీ ఒరుసుకుని ఎర్రబడిన భుజాన్ని రుద్దుకుంటూ, తల్లి ఏం చెబుతుందా అని చూస్తోంది. ఆ చూపుకు వసుమతికి సిగ్గేసింది.

"తప్పు నాదేనే. పుస్తకంలో సరిగ్గానే ఉంది, నేనూ సరిగ్గానే రాసుకున్నా. చదవడమే తప్పు చదివా."

అవని నోరెళ్ళబెట్టింది. ఇరవై మూడేళ్ళలో తల్లి నోట ఈ మాట వినడం ఇదే మొదలు.

"వన్స్ మోర్, ప్లీజ్?"

"నీ మొహం. ఒకసారి చాలు."

అవని జేబులోంచి ఫోన్ తీసింది. వసుమతికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా పందెం పందెమే కదా అనుకుని నోట్‌బుక్ సంచిలో పెట్టబోయింది. అవని మాత్రం తల్లినీ మడుగునీ కలిపి ఒక ఫొటో తీసి, "డాడీకి చూపించాలి," అని ఫోన్ మళ్ళీ జేబులో వేసుకుంది.

"నోట్‌బుక్ లోపల ఎందుకు పెడుతున్నావ్?"

"ఓడిపోయాను కదే."

"యా, ఓడిపోయావ్. బట్ నాకు చదవడం రాదు కదా. నువ్వే చదువు."

ఉసూరుమంటూ దిగిన కొండంతా మళ్ళీ ఎక్కారు. చీలిక దగ్గర ఈసారి కుడివైపు తిరిగారు. పొద్దు వాలే వేళకు మరో చీలిక వచ్చింది. దారి చూపే బోర్డు విరిగి కింద పడి ఉంది. వసుమతి నోట్‌బుక్ చూసింది, సరస్సు వైపు చూసింది, గాలిలో వేలితో అటూ ఇటూ గీసుకుంది. నోరు విప్పడానికి భయమేసింది.

"కుడి... అనుకుంటున్నానే. గట్టిగా చెప్పలేను."

ఆమె తలెత్తేసరికి అవని కుడివైపు బాటలో పది అడుగులు వేసేసింది.