సార్ నమ్మని మందు

మా సార్ పోయారని మొన్న ఆదివారం పొద్దున ల్యాబ్ ఫ్రెండ్ ఫోన్ చేసి చెబితే నేను నమ్మలేదు. తార్నాకలో వాళ్ళ పక్కింటివాళ్ళను కూడా అడిగాను. ఒకరు చెప్తే నమ్మొద్దని నేర్పింది ఆయనే మరి.

యూనివర్సిటీలో కందెన నూనెల ల్యాబ్ ఆయనది. నా పీహెచ్‌డీకి ఆయనే గైడ్. ఉత్త నూనెకు జారుడు ఉంటుంది గానీ, బరువు పడితే ఇనుము ఇనుమును కొరికేస్తుంది. చిటికెడు రసాయనం కలిపితే అది లోహానికి పల్చటి పొరలా అంటుకుని రాపిడిని తాను భరిస్తుంది. దాన్నే సార్ మందు అనేవారు. ఏ మందునూ నమ్మేవారు కాదు. "ఏం బాగుచేస్తుందో డబ్బా మీద రాస్తారు. ఏం పాడుచేస్తుందో మనం అడగాలి" అనేవారు.

మాణికేశ్వర్ నగర్‌లో మిర్చిబండి దగ్గరా అంతే, మూకుడులోకి తొంగిచూడందే బజ్జీ ముట్టేవారు కాదు. "ఏంది సార్, నా మీద నమ్మకం లేదా?" అని బండి ఆమె అడిగితే, "నీ మీద ఉందమ్మా, నూనె మీద లేదు" అన్నారు.

ఆముదంతో నేనొక మందు తయారుచేశాను. అది కలిపిన నూనెలో ఉక్కు గోళీలను ఒరిపిడి పెడితే వాటి మీద అరుగుడు మచ్చ చాలా చిన్నగా వచ్చింది. సార్ మళ్ళీ చేయమన్నారు. చేశాను. మళ్ళీ చేయమన్నారు. నా పని ఇంకెవరికో కట్టబెడతారేమోనని నాకు అనుమానం పట్టుకుంది. థీసిస్ ఇచ్చే ముందు చివరిసారి చేస్తే మచ్చ ఇంత పెద్దది వచ్చింది. ఏళ్ళ చాకిరీ నీళ్ళపాలైందని ఏడుస్తూనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అది ఉత్త నూనె. సీసా నేనే మార్చాను" అన్నారు తాపీగా. "నూనె సంగతి గోళీలు చెప్తాయి. నువ్వు చెప్తావో లేదో చూడాలిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు థీసిస్ మీద సంతకం పెట్టారు. కానీ ఆయన నమ్మింది నన్నేనా, నా మందును కూడానా? ఆ అనుమానం ఇన్నేళ్ళూ నన్ను వదల్లేదు. అడిగితే నవ్వేవారు.

సార్ పోయాక వాళ్ళింట్లో ప్రార్థన అయ్యాక ఆంటీ, సార్ భార్య, నన్ను కింద ఆయన స్కూటర్ దగ్గరికి తీసుకెళ్ళారు. "నీ నూనె తప్ప ఇందులో ఇంకోటి పోయనివ్వలేదమ్మా. అయిపోతే ల్యాబ్‌లో అదే కలిపి తెచ్చుకునేవారు" అన్నారు.

నన్ను ఓదార్చడానికి అంటున్నారేమో అనుకున్నాను. ఇంజన్ మూత తిప్పి వాసన చూశాను. నాదే. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

కిక్ కొడితే ఒక్కసారికే స్టార్టయింది. ఆంటీ గేటు పట్టుకుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయారు. నేను ఆపలేదు.